నికాన్ 200-500 లెన్స్: రెండు మిర్చి సీజన్లు గద్దల వెంట తిరిగాక

రెండు సీజన్లు వాడాక రాస్తున్నాను. సీజన్ అంటే నాకు మిర్చి సీజనే. గుంటూరు మార్కెట్ యార్డులో ఒక కమీషన్ షాపులో గుమస్తాగా చేస్తున్నాను. కొత్త కాయ దిగడం మొదలైందంటే ఎండలు ముదిరేదాకా తలెత్తే తీరిక ఉండదు. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా, రైతుకి పట్టీ (అమ్మకం లెక్క చీటీ), హమాలీల కూలి, మళ్ళీ టిక్కీల లెక్క. నాదంటూ మిగిలేది ఆదివారం తెల్లవారుజాము. ఆ కాసేపట్లో గద్దల్ని, డేగల్ని ఫోటో తీస్తాను. అందుకోసం కొన్న లెన్స్ గురించే ఇదంతా. కొనేముందు మన ఎండల్లో, మన దుమ్ములో, మన పక్షుల మీద దీన్ని వాడినవాళ్ళు ఏమంటారో చూద్దామని చాలా వెతికాను. తెలుగులో నాకు ఏమీ దొరకలేదు. అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాను.

ఈ లెన్స్ 2015లో వచ్చింది. 200 నుంచి 500 మిల్లీమీటర్ల దాకా ఎక్కడ పెట్టినా ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే కంత) 5.6 దగ్గరే నిలబడుతుంది. దీనికి పోటీగా చెప్పే 150-600 లెన్సులు చివరికొచ్చేసరికి 6.3కి దిగుతాయి, అంటే వెలుతురు తగ్గుతుంది. తేడా స్టాపులో (వెలుతురు రెట్టింపో సగమో అయ్యే ఒక మెట్టు) మూడో వంతే. కానీ ఉదయం ఆరున్నరకి, పొలాల మీద మంచు విడవకముందు, ఆ మూడో వంతు కూడా కావాలి. ట్రైపాడ్ పట్టీతో కలిపి బరువు 2,300 గ్రాములు. నా కెమెరా నికాన్ డి500, అదొక 860 గ్రాములు. రెండూ బిగించి మా షాపు కాటా మీద పెడితే మూడు కేజీల రెండొందలు చూపించింది. డి500లో సెన్సర్ చిన్నది కాబట్టి 500 పెడితే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 750 పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది. పక్షులు తీసేవాళ్ళకి అది పెద్ద లాభం.

రెండూ సెకండ్ హ్యాండే. చీటీ పాడి ఎత్తిన డబ్బులో లెన్సుకి 72 వేలు పెట్టాను. విజయవాడలో మొదట చూసిన లెన్స్ బయటికి మెరిసిపోతోంది. అమ్మే అతను "కొత్తదే అనుకో అన్నా" అన్నాడు. ఫోన్ టార్చి వెనక నుంచి వేసి ముందు నుంచి చూస్తే లోపలి గాజు అంచున సాలెగూడు పోగుల్లాంటివి కనపడ్డాయి. ఫంగస్. మాట్లాడకుండా బస్సెక్కి వచ్చేశాను. నెలన్నర తర్వాత ఇంకొకరి దగ్గర ఇది దొరికింది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు టార్చి లేకుండా వెళ్ళొద్దు. జూమ్ రింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పినప్పుడు ఎక్కడైనా పట్టేస్తోందా చూడండి. వీఆర్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఆన్ చేసి షట్టర్ సగం నొక్కితే వ్యూఫైండర్‌లో బొమ్మ స్థిరపడాలి, ఎగరకూడదు. మీ కార్డులోనే పది ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.

అసలు విషయానికి వస్తాను. లెన్స్ చేతికొచ్చిన మొదటి ఆదివారం కొండవీడు వెళ్ళాను. 500 ఉంది కదా, ఇక గద్ద ఎక్కడున్నా దగ్గరికొచ్చేస్తుందనుకున్నాను. పొద్దున తొమ్మిదిన్నర దాటాక కొండ చరియ వేడెక్కి గాలి పైకి లేస్తుంది. ఆ గాలి మీద పాముల గద్ద ఒకటి రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతోంది. రెక్కల కింద తెల్లటి పట్టీ కంటికి స్పష్టంగా తెలుస్తోంది. అరుపు వినిపిస్తోంది. మూడు వందల ఫోటోలు కొట్టాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే ఒక్కదాంట్లో ఈక లేదు. నీళ్ళలో పడ్డ బొమ్మలాగా అంచులన్నీ అలలు. లెన్స్ పాడైందేమోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మా డాబా మీద నుంచి వాటర్ ట్యాంకు మీది కంపెనీ పేరు తీస్తే అక్షరాలు కత్తిలా వచ్చాయి.

తప్పు గాలిది. వేడి నేల మీద గాలి పొరలు కదులుతుంటే వెలుతురు వంగుతుంది. తారు రోడ్డు మీద ఎండమావి కనిపించేది కూడా దాని వల్లే. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా మధ్యలో ఉన్న గాలిని శుభ్రం చేయలేదు. పక్షి ఎనభై మీటర్ల దూరంలో ఉంటే ఎనభై మీటర్ల గాలి గుండా చూస్తున్నాం. మన నల్లరేగడి నేలలు తొందరగా వేడెక్కుతాయి. జనవరిలో తొమ్మిది దాకా, మార్చిలో ఏడున్నర దాకా, అంతే. ఏప్రిల్‌లో నేను కెమెరా తీయడమే మానేశాను. ఇప్పుడు నా దగ్గర దాచుకోదగ్గ ఫోటోలన్నీ ఇరవై, పాతిక మీటర్ల లోపు తీసినవే. కాబట్టి ఈ లెన్స్ బాగుందా అనే ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉంది. పాతిక మీటర్లలోకి గద్ద మనల్ని రానిస్తుందా?

నడిచి వెళ్తే రానివ్వదు. యాభై అంగల దూరంలో ఉండగానే లేచిపోతుంది. కారులో వెళ్తే రానిస్తుంది. ట్రాక్టర్లు, ఆటోలు రోజూ చూసేదే కాబట్టి బండిని పట్టించుకోదు. తలుపు తెరిచి కాలు కింద పెట్టామో, అయిపోయినట్టే. మా బావమరిది ఆల్టో ఆదివారం పొద్దున నాకిస్తాడు, పెట్రోలు నాది. కిటికీ అద్దం దించి, అంచు మీద సంచి వేసి, దాని మీద లెన్స్ ఆనిస్తాను. ఆ సంచి మా ఆవిడ పాత జీన్సు కాలు కత్తిరించి రెండు వైపులా కుట్టింది, లోపల రెండు కేజీల వడ్లు. అమ్మే బీన్ బ్యాగుల కంటే బాగా పట్టుకుంటుంది. మూడు కేజీల బరువు చేతి మీద లేకపోతే నలభై నిమిషాలైనా కదలకుండా కూర్చోవచ్చు. ఇంజిన్ తప్పనిసరిగా ఆపాలి, లేకపోతే ఆ వణుకంతా బొమ్మలోకి వస్తుంది.

మొదటి మంచి ఫోటో ప్రత్తిపాడు దాటాక ఒక డొంక రోడ్డు మీద వచ్చింది. పత్తి తీసేసిన చేను, పక్కన మిర్చి. కరెంటు తీగ మీద కాకి అంత పక్షి. పైన బూడిద రంగు, కింద తెలుపు, భుజం మీద నల్లటి మచ్చ, కంటి దగ్గర కాటుక దిద్దినట్టు నలుపు. ఇంగ్లీషులో బ్లాక్ వింగ్డ్ కైట్ అంటారు. కారు ఆపి ఇరవై నిమిషాలు కూర్చున్నాను. అది తల దించి నేలనే చూస్తోంది. దూరం ఇరవై రెండు మీటర్లు ఉంటుందేమో. 500 దగ్గర, ఎఫ్ 5.6 దగ్గరే, సంచి మీద ఆనించి తీశాను. ఆ రాత్రి తెర మీద దాని కన్ను పెద్దది చేసి చూసి మా ఆవిడని పిలిచాను. ఎర్రగా, దానిమ్మ గింజలా ఉంది. ఆ ఎరుపు మధ్యలో నల్లటి పాప, దాని మీద తీగలు, చేను, కిటికీలోంచి బయటికొచ్చిన నా లెన్స్, సన్నటి గీతలుగా. ముక్కు మూల దగ్గర ఎండిన రక్తపు చుక్క ఒకటి అంటుకుని ఉంది, అంతకు ముందే ఎలుకని తిన్నట్టుంది. ఈ లెన్స్ ఎంత చూపించగలదో నాకు ఆ రోజే తెలిసింది.

అక్కడే ఒక పెద్దాయన చేను గట్టు మీద నుంచి వచ్చి అడిగాడు, "ఏం అబ్బాయ్, సర్వేనా? రోడ్డు మా పొలంలోంచి గాని పోతోందా?" ఇంత లెన్స్ కారులోంచి బయటికి వస్తే మా వైపు ముందుగా వచ్చే అనుమానం ఇదే. దీన్ని కొనేవాళ్ళు దానికి సిద్ధంగా ఉండాలి. "కాదు బాబాయ్, పిట్టని తీస్తున్నా" అని కెమెరా వెనక తెర చూపించాను. కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు. "ఇది అడవి రామదాసు కదయ్యా. మా నాన్న అనేవాడు. ఇది తిరిగే చేలో ఎలుక ఉండదని" అన్నాడు. నాకు దాని తెలుగు పేరు తెలియదు. నలభై ఏడేళ్ళొచ్చాయి, రోజూ రైతులతోనే మాట్లాడతాను, అయినా ఆ పేరు నా చెవిన పడలేదు. తర్వాత తెలిసింది, 1840ల్లో నెల్లూరులో డాక్టరుగా ఉన్న జెర్డన్ అనే దొర మనవాళ్ళు పక్షుల్ని పిలిచే పేర్లు అడిగి మరీ రాసుకున్నాడని. అడవి రామదాసు అందులో ఉంది. శిక్రా అనే చిన్న డేగకి జాలె డేగ, ఆస్ప్రే అనే గద్దకి కొరమీను గద్ద కూడా. కొరమీను గద్ద అనగానే అది ఏం తింటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి నా ఫోటోల కింద తెలుగు పేరే రాస్తున్నాను.

కూర్చున్న పక్షి సులువు. ఎగిరేది కష్టం, ఈ లెన్స్ సత్తా తేలేదీ అక్కడే. ఎగిరేముందు గద్ద కొన్ని పనులు చేస్తుంది. ఒళ్ళు ముందుకు వాలుస్తుంది, తల రెండు మూడుసార్లు పైకీ కిందకీ ఆడిస్తుంది, తోక కొంచెం ఎత్తి రెట్ట వేస్తుంది. రెట్ట వేసిందంటే వేలు షట్టర్ మీదికి వెళ్ళాల్సిందే. లేచేటప్పుడు గాలికి ఎదురుగా లేస్తుంది. మనకి చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, సూర్యుడూ తూర్పు వైపే. అంటే పొద్దున పూట పక్షికి తూర్పున కారు ఆపుకుంటే వెలుతురూ గాలీ రెండూ మన వీపు వెనకే ఉంటాయి, పక్షి మన వైపుకే లేస్తుంది. ఇది తెలిసేదాకా ఆరు ఆదివారాలు నేను తోకలే తీశాను.

షట్టర్ వేగం 1/2500 సెకను కంటే తగ్గించను. రామదాసు గాలిలో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి, కాళ్ళు వేలాడేసి, రెక్కలు పైకి ఎత్తి పట్టుకుని మెల్లగా దిగుతుంది. ఆ నిలబడినప్పుడు కూడా రెక్క కొన 1/1600 దగ్గర చెదిరిపోయింది. ఫోకస్ ఎప్పుడూ కంటిన్యువస్ (పక్షి కదిలేకొద్దీ వెంట మారేది), గ్రూప్ ఏరియా (ఒక్క చుక్కతో కాక చుక్కల గుంపుతో పట్టేది). లెన్స్ మీద ఒక చిన్న మీట ఉంటుంది, ఆరు మీటర్ల కంటే దగ్గర వాటిని వదిలేయమని. దాన్ని అలాగే పెట్టి ఉంచండి. లేకపోతే ఫోకస్ పక్షిని వదిలినప్పుడు దగ్గర దాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోవాలి, ఆలోపు గద్ద పక్క ఊరికి పోతుంది. ఎగిరేవాటికి వీఆర్ స్పోర్ట్ మోడ్‌లో పెడతాను. మామూలు మోడ్‌లో కెమెరాని పక్కకి తిప్పుతుంటే వ్యూఫైండర్‌లో బొమ్మ వెనక్కి లాగినట్టు అనిపిస్తుంది, స్పోర్ట్‌లో ఆ లాగుడు ఉండదు.

జూమ్ రింగు తిరిగే దూరం ఎక్కువ. 200 నుంచి 500కి ఒక్క మణికట్టు తిప్పుకి రాదు, చెయ్యి మార్చి పట్టుకోవాలి. నెమ్మదిగా కచ్చితంగా పెట్టుకోవడానికి అది బాగానే ఉంటుంది. గద్దకి అంత టైము లేదు. అందుకని నేను 500లోనే ఉంచేస్తాను. దూరంగా ఉన్నప్పుడే పట్టుకుని, దగ్గరికి వస్తుంటే వెంట తిప్పుతాను. రెక్కలు ఫ్రేము దాటితే దాటనీ. ప్రాక్టీసుకి మామూలు నల్ల గద్దల్ని మించినవి లేవు. సాయంత్రం మా డాబా మీద నుంచి రోజూ కనపడతాయి, తోక చీలికని చుక్కానిలా తిప్పుతూ. నెల రోజులు వాటి మీద చెయ్యి తిప్పాక వందకి పది ఫోటోలు పదునుగా రావడం మొదలైంది. ఇప్పుడు వందకి ముప్ఫై దాకా వస్తున్నాయి.

కార్తీక మాసంలో సీతానగరం ఘాట్‌కి వెళ్ళాను. ప్రకాశం బ్యారేజీ కిందివైపు నీళ్ళు తగ్గి మడుగులు మిగిలిన చోట గరుడ పక్షులు చేపల కోసం తిరుగుతుంటాయి. తెల్లటి తల, తెల్లటి రొమ్ము, మిగతా ఒళ్ళంతా ఇటుక రంగు. నీళ్ళ మీద నుంచి కాళ్ళతో చేపని ఎత్తుకుని ఎగురుతూనే తింటుంది. తీయడానికి ఇంత బాగా సహకరించే పక్షి ఇంకొకటి లేదు, మనుషులంటే భయం తక్కువ. కానీ మొదటి వంద ఫోటోల్లో తల లేదు. తెల్లగా కాలిపోయింది, అట్టముక్క కత్తిరించి అతికించినట్టు. ముదురు రంగు ఒంటిని చూసి కెమెరా వెలుతురు పెంచేస్తోంది. ఎక్స్‌పోజర్ 0.7 తగ్గించాక తల మీది సన్నటి ఈకల గీతలు కూడా వచ్చాయి. తెల్లటి ఆకాశం మీద రామదాసుని తీసేటప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఒక స్టాపు పెంచాలి. ఇవి రెండూ చీటీ మీద రాసి కెమెరా కింద అంటించుకున్నాను.

ఆ రోజు నదీ స్నానం చేసి మెట్లెక్కుతున్న బామ్మగారొకరు గరుడని చూసి ఆగి, లెంపలు వేసుకుని దండం పెట్టుకున్నారు. నా చేతిలో కెమెరా చూసి "తీశావా నాయనా, ఏదీ చూపించు" అన్నారు. తడి చెయ్యి పైట చెంగుకి తుడుచుకుని మరీ కెమెరా పట్టుకున్నారు. కన్ను కనిపించేదాకా పెద్దది చేశాను. "ఇన్నేళ్ళుగా దండం పెడుతున్నా, స్వామి వాహనం కన్ను ఎట్లా ఉంటుందో ఇప్పుడే చూశా" అన్నారు. ఆవిడ ఊరు, పేరు అడగలేదు. ప్రింటు వేయించి ఇవ్వాల్సింది, అప్పుడు తోచలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కన్ను అన్నాను కాబట్టి ఇది కూడా. వీటిలో చాలా వాటికి కంటి మీద ఎముక చూరులాగా ముందుకి ఉంటుంది. ఆ చూపులో కోపం కనపడేది అందుకే. ఎండ నడినెత్తికి వచ్చాక ఆ చూరు నీడ కంటి మీద పడి కన్ను చీకటి గుంతైపోతుంది. అందులో వెలుగు చుక్క లేకపోతే బొమ్మకి ప్రాణం ఉండదు. పొద్దు కింద ఉన్నప్పుడే వెలుతురు ఆ చూరు కిందికి దూరుతుంది. వేడి గాలి గురించి చెప్పింది, కంటి గురించి చెప్పింది రెండూ కలిపి చూస్తే, సూర్యోదయం నుంచి గంటన్నర. ఈ లెన్సుకి మన ఊళ్ళో పనిగంటలు అవే.

శిక్రా దగ్గర మాత్రం నేను ఇంకా గెలవలేదు. మా వీధి చివర వేపచెట్టు మీద ఒక జాలె డేగ జంట ఉంది. ఉడతలు ఒక్కసారిగా గోల పెట్టాయంటే అది వచ్చినట్టు. వేప కొమ్మల నీడలో ఎఫ్ 5.6 తో 1/500 రావాలంటే ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుని పెంచి చూపే అంకె) 5000 దాకా వెళ్తోంది, రొమ్ము మీది సన్నటి గీతలన్నీ గరుకులో కలిసిపోతున్నాయి. దానిది చెట్లలో మాటు వేసి పట్టే వేట, వెలుతురులోకి రావడం తక్కువ. నీడలో ఉండే పక్షులే మీకు ముఖ్యమైతే ఈ లెన్స్ సరిపోదు. ఇంకా ఎక్కువ వెలుతురు తీసుకునే ఎఫ్ 4 లెన్సుల ధర నాలాంటివాళ్ళు అడగను కూడా అడగరు.

దుమ్ము సంగతి. జూమ్ చేస్తే ఈ లెన్స్ గొట్టం బయటికి సాగుతుంది, లోపలికి గాలి పీలుస్తుంది. మామూలు చోట ఇది పెద్ద విషయం కాదు. నాకు పెద్దదైంది, ఎందుకంటే మొదటి సీజన్లో ఒకరోజు ఆశపడి కెమెరాని షాపుకి తెచ్చాను. యార్డు మీద గద్దలు గుంపుగా తిరుగుతున్నాయి, మధ్యాహ్నం భోజనం టైములో తీద్దామని. ఇరవై నిమిషాలు తీశాను. సాయంత్రం ఇంటికెళ్ళి గొట్టం చివరిదాకా సాగదీస్తే దాని మొదట్లో చుట్టూ ఎర్రగా సన్నటి గీత. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ మీద మరక, ముక్కులో ఘాటు. తేజ రకం మిర్చి పొడి. బ్లోయర్‌తో ఊదితే కళ్ళలో పడి రాత్రంతా మంట. తప్పు లెన్సుది కాదు, దాన్ని అక్కడికి తెచ్చిన నాది. ఆ తర్వాత వేరే ఊళ్ళో ఒక సర్వీసు చోట శుభ్రం చేయించడానికి ఇస్తే ఐదు వారాలు ఉంచుకుని హుడ్ (లెన్స్ ముందు ఎండ తగలకుండా పెట్టే తొడుగు) లేకుండా తిరిగి పంపారు. ఫోన్ చేస్తే మాకు హుడ్ ఇవ్వలేదన్నారు. ఏది ఇచ్చినా ముందు ఫోటో తీసి, రసీదు మీద హుడ్‌తో సహా రాయించుకోండి. కాలర్ (ట్రైపాడ్ పట్టీ) కూడా రాయించండి.

వానాకాలం లెన్స్ గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది, సిలికా జెల్ పొట్లాలతో. అవి రంగు మారితే పెనం మీద వెచ్చచేసి మళ్ళీ వేస్తాను. ఆ మొదటి లెన్సులో చూసిన సాలెగూడు ఇంకా కళ్ళ ముందుంది.

చెప్పకుండా దాటేయకూడనిది ఒకటుంది. గత డిసెంబరులో ఒక తుమ్మచెట్టు మీద రామదాసు గూడు కనిపించింది. కారు పదిహేను మీటర్ల దగ్గర ఆపాను. 500 దగ్గర గూడు ఫ్రేము నిండా వస్తోంది, పిల్లల తెల్లటి నూగు కూడా కనపడుతోంది. తల్లో తండ్రో ఎలుకని కాళ్ళతో పట్టుకుని వచ్చింది. గూట్లో దిగలేదు. చెట్టు చుట్టూ తిరిగి పక్క తీగ మీద కూర్చుంది, మళ్ళీ లేచి తిరిగింది. నేను తీస్తూనే ఉన్నాను, ఎలుకతో ఎగిరే ఫోటోలు అద్భుతంగా వస్తున్నాయి. నలభై నిమిషాలయ్యాక గాని నాకు తట్టలేదు, అది దిగనిది నా వల్లేనని. పిల్లలు నోళ్ళు తెరిచి అరుస్తున్నాయి. కారు వెనక్కి తీసి మలుపు దాటాక అద్దంలో చూస్తే, అప్పుడు దిగింది. ఆ రోజు ఫోటోలన్నీ తీసేశాను. వేటపక్షులకి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, గూళ్ళ జోలికి పోవడం నేరం. కానీ నన్ను ఆపింది చట్టం కాదు, ఆ తిరిగి తిరిగి తీగ మీద కూర్చోవడం. ఇప్పుడు గూడు కనిపిస్తే కారు ఆపను. కోడి తలకాయలు విసిరి గద్దల్ని రప్పించే వాళ్ళతోనూ వెళ్ళను.

ఒక ఆదివారం విజయవాడలో డాక్టరుగారు ఒకరు తన నికాన్ 500 పీఎఫ్ లెన్స్, జూమ్ లేనిది, నా చేతికిచ్చారు. 1,460 గ్రాములు. చేతిలో ఏమీ లేనట్టే ఉంది, ఫోకస్ కూడా ఇంకా చురుకు. ఆయన నడుస్తూ, ఎగిరే వాటినే తీస్తారు, ఆయనకి అదే సరైనది. నేను సంచి మీద ఆనించి, కూర్చుని తీసేవాణ్ణి. పోయినసారి ఒక గరుడ చాలా దగ్గరికి వచ్చినప్పుడు 200కి తగ్గించి రెక్కలు మొత్తం పట్టాను, అది 500 దగ్గర కుదిరేది కాదు. ఇంటికొచ్చి రెండింటి ఫోటోలు పక్కపక్కన పెట్టి చూశాను. ఇరవై మీటర్ల దూరంలో, పొద్దుటి వెలుతురులో, ఏది ఏ లెన్సుదో మా ఆవిడ చెప్పలేకపోయింది. నేనూ రెండుసార్లు తప్పు చెప్పాను.

కాబట్టి నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉండి, కారో ఆటోనో దొరికి, తెల్లారి ఐదింటికి లేవగలిగితే ఇది సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి. మెడకి తగిలించుకుని కొండలెక్కాలంటే వద్దు, కొండవీడు మెట్ల దగ్గర నా భుజం వారం రోజులు లేవలేదు. నికాన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం) కెమెరా ఉన్నవాళ్ళు 2023లో వచ్చిన నికాన్ 180-600 ముందు చూడండి, దానికి జూమ్ చేస్తే గొట్టం సాగదు.

దానిమ్మ గింజ కన్నున్న ఆ రామదాసు ఫోటోని పెద్ద సైజులో ప్రింటు వేయించి షాపులో కాటా పైన గోడకి తగిలించాను, మా యజమాని ఒప్పుకున్నారు. పట్టీ కోసం కూర్చున్న రైతులు దాన్నే చూస్తుంటారు. "ఇది మా చేలోనూ తిరుగుద్ది" అంటాడొకాయన. "దీన్ని మేం వేరేగా పిలుస్తాం" అంటాడు ఇంకొకాయన. పోయిన గురువారం ఫిరంగిపురం వైపు రైతు ఒకాయన ఫోన్ చేశాడు. కాయ రేటు అడుగుతాడనుకుని పుస్తకం తెరిచాను. "రేటు తర్వాత చెబుదువు గానీ గుమస్తా గారూ, మీ రామదాసు మూడు రోజులుగా మా బోరు దగ్గర స్తంభం మీదే కూర్చుంటోంది. ఆదివారం పెందలాడే రండి. కారు గట్టు దాకా వస్తుంది" అన్నాడు.